చెయ్యిస్తానన్నాడు

నాకు నడక అంటే ఇష్టం లేదు. సరదాకి నడిచేవాళ్ళని చూస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. డర్బన్‌లో, మా రిజర్వాయర్ హిల్స్ పేటలో బస్సు దిగి మా ఇంటికి రావాలంటే నిట్టనిలువుగా ఉండే రోడ్డెక్కాలి. ఒక చేతిలో బంగాళాదుంపల సంచి, ఇంకో చేతిలో పిండి సంచి పట్టుకుని ఏళ్ళ తరబడి ఎక్కాను. దానికెవరూ పేరు పెట్టలేదు, ఫోటో తియ్యలేదు. అలాంటి నేను, మనవాళ్ళూ నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ ఒకే వరసలో నిలబడి ఓట్లేసిన ఏడాది చలికాలంలో, తమ్ముడితో కలిసి ఒరిబీ లోయలోకి దిగి, పొద్దుగూకే లోపల పైకెక్కి వచ్చాను. లోయ చూడాలని పోలేదు. నా ఇల్లు నాకు ఉంచుకోడానికి పోయాను.

అప్పటికి నా మొగుడు పోయి రెండేళ్ళు. పిల్లల్లేరు. తమ్ముడు పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లో, నార్త్‌డేల్‌లో, ఒక బడికి హెడ్‌మాస్టరు. ఓట్లకి ముందు గొడవలవుతాయని అందరూ భయపడ్డారు. కొవ్వొత్తులు కొన్నారు, బీన్స్ డబ్బాలు మంచాల కింద దాచారు. మా పక్కింటివాళ్ళయితే కిటికీలకి ఇనప ఊచలు పెట్టించారు. ఓట్లయ్యాయి, ఎవరి డబ్బాలు వాళ్ళు తినేశారు. మా తమ్ముడికి మాత్రం భయం దిగలేదు. దిగలేదో, దింపుకోలేదో.

"అక్కా, నువ్వు ఒక్కర్తి ఉండేది సేఫ్ కాదు. మా ఇంట్లో బ్యాక్ రూమ్ ఉంది. నువ్వు అక్కడ వచ్చు" అనేవాడు ప్రతి ఆదివారం. వాడు ఇంగ్లీషులో అనుకుని తెలుగులో అంటాడు. చిన్నప్పుడే మారిట్జ్‌బర్గ్‌లో మేనమామ ఇంట్లో ఉండి చదువుకున్నాడు కాబట్టి అమ్మ తెలుగు వాడి ఒంటికి పట్టలేదు.

ఆ వెనక గది నేను చూశాను. అందులో ఒక మంచం, ఒక వాషింగ్ మిషను, ఇస్త్రీ బల్ల ఉన్నాయి. ఆ బల్ల ముందు ఎవరు నిలబడాలో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. మా మరదలు ఇస్త్రీ చెయ్యగా నేనెప్పుడూ చూడలేదు.

ఒక ఆదివారం మా ఇంట్లో భోజనం చేస్తూ, బడి టీచర్లతో ఒరిబీ లోయకి పోయొచ్చానని మొదలుపెట్టాడు. అట్నుంచి దిగామనీ, గెడ్డ దాటామనీ, ఇట్నుంచి ఎక్కామనీ కూర చల్లారేదాకా చెప్పాడు. గెడ్డ అంటే మా ఇళ్ళలో వాగు. వాడి నోట మిగిలిన నాలుగు మాటల్లో అదొకటి.

"నువ్వు అయితే సగం కూడా పోలేవు అక్కా. ఇంటి మెట్లు ఎక్కితే నీకు శ్వాస రాదు. అందుకే చెప్తాను, మాతో ఉండు."

ఆ లోయ పేరెత్తకుండా ఉంటే నేను మాట్లాడేదాన్ని కాదేమో. మేం పుట్టింది దానికి దగ్గర్లోని చెరుకు ఎస్టేట్‌లో. ఆదివారాలు తెల్లవాళ్ళ కార్లు మా బారక్‌ల ముందు నుంచి దుమ్ము లేపుకుంటూ అక్కడికి పోయేవి. ఆ గేటు మాకు తెరిచేవాళ్ళు కాదు. నాన్న ఆ గట్టు మీదే చెరుకు నరికాడు గానీ ఒక్కసారి కూడా కిందకి దిగింది లేదు.

"దిగి ఎక్కితే?" అన్నాను.

"ఎవరు?"

"మీ అత్తగారు. ఎవరేమిట్రా, నేను."

నవ్వాడు. మరదలూ నవ్వింది. "ఎక్కితే నువ్వు ఇక్కడే ఉండు. నేను మళ్ళీ నోరు తెరవను" అన్నాడు. నవ్వాపి, బడిలో పిల్లలకి చెప్పినట్టు వేలెత్తి, "కానీ రూల్ ఉంది. మధ్యలో హెల్ప్ అడిగినవాళ్ళు ఓడినట్టు" అన్నాడు.

"అడిగినవాళ్ళు" అన్నాడు. "నువ్వు అడిగితే" అనలేదు. నేనది విని ఊరుకున్నాను. "నేను సాక్ష్యం" అంది మరదలు, ఇంగ్లీషులో.

ఆ వచ్చే శనివారం చీకటుండగానే ఇద్దరూ కారులో వచ్చారు. మరదలు లోయకి రానంది. "మీరు వచ్చేసరికి వంట చేసి ఉంచుతాను వదినా" అంది. నా వంటింట్లో ఆవిడ ఏనాడూ గరిటె పట్టలేదు. అయినా తాళం చెవి ఇచ్చాను.

సముద్రం పక్కగా పోయి, పోర్ట్ షెప్‌స్టన్ దగ్గర లోపలికి తిరిగాం. అటూ ఇటూ చెరుకే. మేముండే బారక్‌లు కూల్చేశారు. అక్కడ కూడా చెరుకు వేశారు. వాడు కారు ఆపలేదు. నేను ఆపమనలేదు.

గేటు దగ్గర కాపలా ఉన్న జూలూ ఆయన నన్ను చూసి "సావుబోనా, గోగో" అని దండం పెట్టాడు. గోగో అంటే అమ్మమ్మ. నేను జూలూలోనే జవాబిచ్చాను. కిందకి పోతున్నానంటే నా కాళ్ళకేసి చూశాడు. బట్టలు కుట్టే ఫ్యాక్టరీకి వేసుకునే గుడ్డ బూట్లే వేసుకున్నాను. తమ్ముడికి కొత్త తోలు బూట్లు, వీపున సంచి, మెళ్ళో నీళ్ళ సీసా, నెత్తిన టోపీ.

దారి మొదట్లో ఒక బోర్డుంది. వాడు దాని ముందు నిలబడి చదివాడు. నాకు అప్పటికి ఏ భాషలోనూ అక్షరం రాదు. ఫ్యాక్టరీలో కాలర్లకి సైజు చీటీలు కూడా అచ్చు బొమ్మని బట్టి కుట్టేదాన్ని.

"ఏం రాసుంది?" అన్నాను.

"ముసలివాళ్ళు రాకూడదు అని."

"నీ తల."

"నిజం అక్కా. హార్ట్, మోకాలు, అన్నీ రాసి ఉంది."

ఉందో లేదో నాకేం తెలుసు. వాడు చెప్పిందే రాత. నేను బోర్డు దాటి దిగడం మొదలుపెట్టాను.

కిందకి దిగడం బాగుందని చెప్పేవాళ్ళు అబద్ధాలకోర్లు. మెట్లంటారు గానీ అవి చెట్ల వేళ్ళు. ఎండ లోపలికి రాదు. రాళ్ళ మీద నాచు. కోతులు కొమ్మల మీద కూర్చుని, మా సంచిలో ఏముందో మాకంటే వాటికే బాగా తెలిసినట్టు వెంట వచ్చాయి. వాడు ముందు, నేను వెనక. ప్రతి మలుపులోనూ ఆగి "ఆర్ యూ ఓకే" అనేవాడు. నేను పలికేదాన్ని కాదు. పలికితే ఆయాసం వినపడుతుంది. వాడు ఆగేది దాని కోసమే.

నా మోకాళ్ళు నొప్పెట్టలేదని అనను. కానీ కుట్టుమిషను పెడలు తొక్కిన కాళ్ళవి. వాడి కాళ్ళు స్టాఫ్‌రూమ్ కుర్చీ కింద పెరిగాయి. సగం దిగేసరికి టోపీ తీసి విసురుకోవడం మొదలుపెట్టాడు. నాకు మనసులో సంతోషం వేసింది.

అడుక్కి చేరాక గెడ్డ వెంబడి పోవాలి. కొంత దూరం పోయాక ఒక పెద్ద బండ అడ్డొచ్చింది. ఏటవాలుగా, తడిగా ఉంది. కింద నల్లటి మడుగు. బండ మీద నాలుగు అడుగులు పక్కకి జరిగితే అవతల దారి. వాడు బండని కరుచుకుని పాకినట్టు పోయి అవతల నిలబడ్డాడు. నేను రెండడుగులు వేసి ఆగాను. పట్టుకోడానికి ఏమీ లేదు. గుడ్డ బూటు జారుతోంది. ముందుకీ పోలేను, వెనక్కీ రాలేను.

వాడు నాకేసి వంగి, ఒక చెయ్యి చాపి అన్నాడు: "అక్కా, భయపడవద్దు. నేను చెయ్యిస్తాను."

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా చిన్నాన్న, నాన్న తమ్ముడు, ఎస్టేట్ పని మానేసి ఇద్దరం కలిసి కౌలుకి కూరగాయల మడి చేసుకుందామని నాన్నతో చెప్పాడు. నాన్న పని మానేశాడు. చిన్నాన్న ఒకరోజు చెప్పా పెట్టకుండా డర్బన్ పోయి హోటల్లో పనికి కుదిరాడు. మళ్ళీ ఎస్టేట్‌వాళ్ళ కాళ్ళ మీద పడి నాన్న చెరుకు కత్తి పట్టుకున్నాడు. అమ్మ చచ్చేదాకా మా చిన్నాన్న పేరు ఎత్తలేదు. "చెయ్యిచ్చినోడు" అనేది. ఎవడైనా నమ్మించి నట్టేట ముంచితే మా ఇంట్లో అదే మాట. చెయ్యిచ్చాడు. నాకు ఆ మాటకి ఇంకో అర్థం తెలీదు. అసలు లేదు కూడా.

ఇప్పుడు ఆ బండ మీద, కాలు జారుతుండగా, నా ఇల్లు ఖాళీ చేయించాలని చూస్తున్న తమ్ముడు, నవ్వు మొహంతో, చెయ్యిస్తానంటున్నాడు. చెప్పి మరీ ఇస్తున్నాడు. చాపిన ఆ చేతిని పళ్ళు బిగించి కొట్టాను.

గట్టిగానే తగిలింది. వాడి బరువంతా ముందుకే ఉంది. జారి, మడుగులో పడకుండా పక్కకి తిప్పుకున్నాడు గానీ ఎడంకాలు రెండు రాళ్ళ మధ్య ఇరుక్కుని మడత పడింది. టోపీ మడుగులో పడి తేలుతూ పోయింది. వాడు కాలు పట్టుకుని పిచ్చా నీకని ఇంగ్లీషులో అరిచాడు. లోయంతా ఆ మాటే తిరిగి అంది.

ఆ కోపంలో నేను ఎట్లా దాటానో దాటేశాను. ఎవరి చెయ్యీ లేకుండా.

"ఎందుకు కొట్టావు?" అన్నాడు.

"నువ్వే కదరా చెయ్యిస్తానన్నావు."

"అవును. చెయ్యి ఇస్తాను అన్నాను. ఇచ్చాను. నువ్వు కొట్టావు."

"ఎవడైనా చెప్పి మరీ చెయ్యిస్తాడా?"

"చెప్పకుండా ఎట్లా ఇచ్చేది?"

"సిగ్గు లేకపోతే సరి. చిన్నాన్న నయం, వెనక నుంచి ఇచ్చాడు."

"చిన్నాన్న ఎవరికి ఇచ్చాడు? వాట్ ఆర్ యూ టాకింగ్?"

కొంతసేపు ఇట్లాగే సాగింది. వాడికి నా మాట అర్థం కాలేదు, నాకు వాడి మాట అర్థం కాలేదు. చివరికి వాడు ఇంగ్లీషులో చెప్పాడు, తన చెయ్యి అందించి నన్ను లాగుతానన్నాడట. తెల్లవాళ్ళు సాయాన్ని చెయ్యి ఇవ్వడం అంటారట. దాన్నే తెలుగులో అన్నాడట.

"మరి చెయ్యందిస్తానని ఏడవొచ్చు కదా."

"రెండూ ఒకటే."

"ఒకటి కాదు."

బూటు విప్పితే చీలమండ అప్పటికే గుండ్రంగా వాచింది. దిగిన దారే తిరిగి ఎక్కాలన్నా, ముందుకి పోయి చుట్టు తిరిగి అదే గేటుకి ఎక్కాలన్నా దూరం అంతే. అప్పుడే వెనక నుంచి తెల్ల దంపతులిద్దరు చేతికర్రలతో వచ్చారు. అంత సేపూ ఎవరూ లేని చోట, మేం అరుచుకుంటుంటే విన్నారో ఏమో. ఏమైనా కావాలా, పైకి పోయి గార్డుని పంపమంటారా అని అడిగింది ఆవిడ. మా తమ్ముడు కాలు మీద సంచి కప్పి, వాడి హెడ్‌మాస్టరు ఇంగ్లీషు తీసి, థాంక్యూ, ఊరికే విశ్రాంతి తీసుకుంటున్నాం అన్నాడు. వాళ్ళు పోయారు. వాళ్ళ చేతికర్రల టక్ టక్ వినపడినంత సేపూ నేను వాడి మొహంలోకే చూశాను.

"అడగొచ్చు కదరా."

"అడిగితే నువ్వు గెలుస్తావు."

అంటే వాడికీ గుర్తుంది, తానన్న మాట "అడిగినవాళ్ళు" అని.

సరేనని ఒక రాయి మీద కూర్చుని నేను కట్టి తెచ్చిన పులిహోర తీశాను. ఒక ఆకులో వాడికీ పెట్టి పక్కన ఉంచాను. అన్నం పెట్టడం సాయం కింద రాదు. తిన్నాడు. నేనూ తిన్నాను. ఎండ ఎదురుగా ఉన్న కొండ మీద సగం పైకి పోయింది. చలి మొదలైంది. వాడు లేచి ఒంటికాలితో గెంతాడు, కూర్చున్నాడు. మళ్ళీ లేచి చెట్టు పట్టుకున్నాడు, కూర్చున్నాడు. నేను చూస్తూ కూర్చున్నాను. చదివేవాళ్ళు నన్ను రాక్షసి అనుకుంటారు. అనుకోండి. ఇల్లు మీది కాదు.

"అక్కా" అన్నాడు కాసేపటికి. "నేను నీకు ఎప్పుడు చెయ్యిచ్చాను? నువ్వు చెప్పే చెయ్యి."

ఆ మాట ఈసారి సరిగ్గా వాడాడు.

చెప్పాను. బారక్‌లో కిరసనాయిలు దీపం దగ్గర పలక పెట్టుకుని కూర్చునేవాడు. ఇంట్లో ఒక్కరికే బడి. ఆ ఒక్కరు మగపిల్లాడు. నేను పొద్దున చెరుకులో కలుపు తీసి, వచ్చి వీడి చొక్కా ఉతికేదాన్ని. ఆ పలక మీద ఏముందని అడిగితే, "నేను మొత్తం నేర్చుకుని నీకు నేర్పుతానక్కా" అన్నాడు. అప్పుడు వాడి తెలుగు బాగానే ఉండేది. మేనమామ ఇంటికి పంపించాం. తర్వాత నేను డర్బన్‌లో ఫ్యాక్టరీకి చేరి కుట్టిన కాలర్లు వాడి పుస్తకాలయ్యాయి. వాడు టీచరయ్యాడు, ఎంతోమంది పిల్లలకి నేర్పాడు. మా ఇంటికొచ్చి పేపరు చదివి, మడిచి బల్ల మీద పెట్టి వెళ్ళేవాడు. ఒక్క అక్షరం చూపించలేదు.

"అది నాకు గుర్తు లేదు" అన్నాడు.

"నాకుంది."

"ఇప్పుడు నేర్పుతాను."

"ఇప్పుడు పైకి ఎక్కు."

ఎక్కలేడని ఇద్దరికీ తెలుసు. చీకటి పడితే గేటు వేసేస్తారు. వాడు చాలాసేపు నీళ్ళకేసి చూశాడు. తర్వాత నాకేసి చూడకుండా, "అక్కా, చెయ్యివ్వు" అన్నాడు.

"మళ్ళీ అదే."

"అయితే ఏం అనాలి?"

"అమ్మ బిందె ఎత్తుకునేటప్పుడు ఏమనేది?"

గుర్తు తెచ్చుకోడానికి కష్టపడ్డాడు. "సాయం పట్టు" అన్నాడు చివరికి.

అడిగినట్టే. లేచి వాడి చంక కింద భుజం పెట్టాను.

ఆ ఎక్కుడు గురించి ఎక్కువ చెప్పను. వాడు లావు మనిషి. పది అడుగులకోసారి ఆగాం. తలకి కట్టుకున్న గుడ్డ విప్పి వాడి కాలికి బిగించాను. వాడు ఏడ్చాడు, నొప్పికో దేనికో నేను అడగలేదు. నేను తిట్టాను, మా అమ్మ నాకు ఇచ్చిపోయిన ఆస్తి ఆ తిట్లొక్కటే కాబట్టి అన్నీ వాడాను. కొన్ని వాడికి అర్థం కాలేదు, అడిగి తెలుసుకున్నాడు. ఒక తిట్టుకి నవ్వాడు కూడా. నేను నవ్వలేదు. పైకొచ్చేసరికి గేటు దగ్గర ఆయన తాళం పట్టుకుని నిలబడి ఉన్నాడు. ముందు నన్ను, తర్వాత నా భుజం మీద వేలాడుతున్న వాణ్ణి చూసి, "గోగో" అని తల ఊపాడు.

నాకు కారు నడపడం రాదు. వాడే నడిపాడు. ఎడంకాలితో క్లచ్ తొక్కినప్పుడల్లా మూలిగాడు. పోర్ట్ షెప్‌స్టన్ నుంచి డర్బన్ దాకా ఎన్ని సిగ్నల్ దీపాలుంటే అన్ని మూలుగులు.

"నువ్వు నీ ఇంట్లోనే ఉండు" అన్నాడు దారిలో. "మాట మాటే."

"మాటే" అన్నాను. ఆ కాసేపు నాకు వాడి మీద కోపం తగ్గిందని రాయాలి. నిజం కాబట్టి.

ఇంటి తలుపు తీసేసరికి కూర వాసన లేదు. వంటింట్లో బీరువాలన్నీ ఖాళీగా తెరిచి ఉన్నాయి. నా స్టీలు గిన్నెలు, పోపుల డబ్బా, అట్లపెనం, అన్నీ పాత పేపర్లలో చుట్టి అట్టపెట్టెల్లో సర్ది ఉన్నాయి. పెట్టెల మీద టేపు కూడా అంటించారు. మా మరదలు టేపు చుట్ట చేతికి గాజులా వేసుకుని నిలబడి, మొగుడి కాలు చూసి, నన్ను చూసి, మళ్ళీ మొగుణ్ణి చూసింది.

"నేను ఫోన్ చేసేదాకా ఆగమని చెప్పాను కదా" అన్నాడు వాడు, ఆవిడతో, ఇంగ్లీషులో, చిన్నగా. చదువు రాదు గానీ నాకు చెవులున్నాయి.

అయితే పొద్దున కారెక్కే ముందే అనుకున్నారు. లోయ అనేది నన్ను ఇంట్లోంచి బయటకి తియ్యడానికి. నేను బండ మీద విన్నది తప్పు కాదు. మాట వాడికి తెలీకుండా సరిగ్గానే అన్నాడు.

నేను అరవలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాను. "విప్పండి" అన్నాను. ఆవిడ పెట్టెలు విప్పింది. వాడు ఒంటికాలి మీద బీరువా పట్టుకుని నిలబడి ఒక్కో గిన్నె అందుకుని లోపల పెట్టాడు. ఏది ఎక్కడో తెలీక ప్రతిదానికీ నన్నడిగాడు. పోపుల డబ్బా పొయ్యి పక్కన అని చెప్పాను. అట్లపెనం మేకుకి. గిన్నెలు చిన్నవి పైన. పని పూర్తయ్యేదాకా ఎవరికీ టీ ఇవ్వలేదు.

తర్వాత మా గుడి హాల్లో, ఆంధ్రా నుంచి కొత్తగా వచ్చిన ఒక డాక్టరు గారి భార్య శనివారాలు తెలుగు చెప్పడం మొదలుపెడితే చేరాను. చిన్నపిల్లల మధ్య కూర్చుని నేర్చుకున్నాను. తమ్ముడు నేర్పుతానని రెండుసార్లు ఫోన్ చేశాడు. అక్కర్లేదన్నాను. "చెయ్యి" అనే మాటతో ఒక వాక్యం రాయమంటే నేను "తమ్ముడు చెయ్యిచ్చాడు" అని రాశాను. ఆవిడ చదివి, "అయ్యో, ఏం మోసం చేశాడమ్మా" అంది. అర్థం తెలిసిన మనిషి ఒకరు దొరికారు.

ఇప్పుడు వాడు రిటైరయ్యాడు. ఆ చీలమండ చలికాలంలో బిగుసుకుంటుంది. ఆదివారాలు వచ్చినప్పుడు రోడ్డు మీద కారు ఆపి, మా మెట్ల పక్కనున్న ఇనప కడ్డీ పట్టుకుని ఒక్కో మెట్టు ఎక్కుతాడు. సగంలో ఆగుతాడు. పైకి చూస్తాడు. నేను గుమ్మంలో నిలబడి ఉంటాను. ఏమనాలో వాడికి తెలుసు. అనడు. కడ్డీ పట్టుకుని ఎక్కుతాడు.